ఆయుధపూజ అయ్యాక తెరుచుకోని ఆట

పోయిన ఏడాది మా మరిది మధ్యాహ్నం భోజనం చేసి జర్మనీ బయలుదేరేవాడు. అక్కడ సరుకు దింపి, చీకటి పడేలోగా ఆటోనగర్ తిరిగి వచ్చేవాడు.

ఆటోనగర్‌లో మాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన మోటార్లు విప్పి, లోపలి రాగి తీగ తీసేసి, కొత్త తీగ చుట్టి ఇస్తాం. చుట్టేది మా ఆయన. ముందు గదిలో కూర్చుని వచ్చిన సరుకు చూసుకునేది నేను. వెనక గదిలో వార్నిష్ డబ్బాల పక్కన ఒక పాత కంప్యూటరు, దానికి తగిలించిన స్టీరింగు, కింద మూడు పెడల్స్, కూర్చోడానికి ఏదో కారులోంచి విప్పిన సీటు ఉండేవి. తెర మీద జర్మనీ రోడ్ల మీద సరుకు తోలే లారీ ఆట. ఊరికే గుద్దుకుంటూ పోయే ఆట కాదు. ఇండికేటర్ వెయ్యకుండా మలుపు తిరిగితే జరిమానా పడుతుంది. ట్రైలర్‌ను రివర్సులో గోడౌన్ గుమ్మానికి సరిగ్గా ఆనిస్తే తప్ప సరుకు దిగదు.

మరిది నిజంగా ట్రైలర్ డ్రైవరే. స్టీల్ ప్లాంటు నుంచి పోర్టుకు ఇనుప కాయిల్స్ తోలేవాడు. ఒకరోజు లారీలు తూచే కాటా దగ్గర పల్లంలో బ్రేకు పడలేదు. ముందు నిలబడ్డ క్లీనరు ఆపమని "హోల్డాన్! హోల్డాన్!" అని అరుస్తూ పక్కకు దూకాడు. బండి వెళ్లి ఆగి ఉన్న ఇంకో లారీని గుద్దింది. ఎవరి ప్రాణమూ పోలేదు కానీ కేబిన్ నలిగి మరిది ఎడమ కాలు విరిగింది. క్లచ్ నొక్కే కాలు. లోపల రాడ్ వేశారు. తరువాత మెకానిక్ బండి విప్పి చూస్తే బ్రేకు హోస్ పైపు పగిలి ఉంది. ఒరిజినల్ డబ్బాలో వచ్చిన డూప్లికేటు పైపు.

ఆస్పత్రి మంచం మీదే మరిది ఒట్టు పెట్టుకున్నాడు. "ఒదినా, ఇంక నా సేత్తో డూప్లికేటు సరుకు ముట్టను. సబ్బు బిళ్ల గానీ, సార్జర్ గానీ."

కాలు అతికింది. అయినా ట్రాన్స్‌పోర్టు ఓనరు వెంటనే బండి ఇవ్వలేదు. దసరా వెళ్లిన తరువాతి వారం యార్డుకు రమ్మన్నాడు. అక్కడ ట్రైలర్‌ను రివర్సులో రెండు బళ్ల మధ్య పెట్టాలి. పెట్టగలిగితే స్టీరింగు మళ్లీ చేతికి వస్తుంది. లేకపోతే గేటు దగ్గర కాపలాకు కుర్చీ వేస్తానన్నాడు. పదిహేనేళ్లు బండి నడిపిన మనిషికి గేటు దగ్గర కుర్చీ ఎలా ఉంటుందో మా మరిది ముఖం చూస్తే తెలిసేది. అన్నం తింటూ కూడా బల్ల కింద ఎడమ పాదం నొక్కుతూ ఉండేవాడు.

ఆ ఆట ఆలోచన గాజువాకలో కంప్యూటర్ల షాపు పెట్టుకున్న అతని స్నేహితుడిది. ఇద్దరూ చుట్టాలు కారు కానీ ఒకరినొకరు బావ అనే పిలుచుకుంటారు. ఆ స్నేహితుడు ఆటను పెన్ డ్రైవ్‌లో పెట్టి ఉచితంగా ఇవ్వబోతే మరిది తీసుకోలేదు.

"ఏటిది, ఒరిజినలేనా?"

"ఆటకి ఒరిజినలేటి బావా? తాలం ఇరగ్గొట్టి క్రాక్ సేసిందే. ఊరంతా ఇదే ఆడతన్నారు."

"అయితే నాకొద్దు. నాను కొనుక్కుంటాను."

"కొంటావా!" అని అతను షాపులో కూర్చున్న వాళ్లందరికీ వినపడేలా అన్నాడు. "సూడండర్రా, మన గాజువాకలో ఆట కొన్న మొదటి మొగోడు!"

నిజంగానే కొన్నాడు. కంపెనీ నుంచి ఒక పొడుగాటి తాళపు సంకేతం వచ్చింది. దాన్ని కొడితే ఆట తెరుచుకుంది. మా ఆయన పెడల్స్ చూసి పెదవి విరిచాడు. "ఇంత మెత్తగుంటే కాలికేటి తెలుత్తాది?" అని క్లచ్ పెడల్ కింద ఒక గట్టి స్ప్రింగు వేశాడు. మొదటి రోజు మరిది దాన్ని సగం కూడా నొక్కలేకపోయాడు. నెల తిరిగేసరికి కూనిరాగం తీస్తూ నొక్కుతున్నాడు.

ఇక దసరా వచ్చింది. ఆయుధపూజ అంటే మా ఆటోనగర్‌లో బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టడం ఒక్కటే కాదు. ముందురోజే ప్రతి యంత్రాన్నీ విప్పాలి. తుడవాలి, నూనె వెయ్యాలి. అరిగిన భాగాన్ని మార్చాలి. పాడైన భాగంతో పూజకు కూర్చోబెట్టడం యంత్రాన్ని అవమానించినట్టు. మా ఆయన డ్రిల్లింగ్ మెషిన్, వైండింగ్ మెషిన్, గ్రైండరు అన్నీ పూర్తిచేసి, చివర్న తమ్ముడి కంప్యూటరు మూత తీశాడు.

లోపల బోర్డు మీద కెపాసిటర్లు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. మా ఊరి సముద్రపు గాలికీ ప్లాంటు దుమ్ముకీ ఏదీ ఎక్కువ కాలం నిలవదు.

"ఈడు యార్డుకెల్లే ముందు రోజు ఇది ఆగిపోతే?" అన్నాడు మా ఆయన. తమ్ముడికి చెప్పకుండా గాజువాక వెళ్లి వేరే బోర్డు తెచ్చి బిగించి, పాతదాన్ని తుక్కు బుట్టలో పడేశాడు. దుమ్ము ఊదాడు. పసుపు రాసి కుంకుమ పెట్టాడు. మరుసటి రోజు పూజలో, లారీ చక్రం కింద పెట్టినట్టే, క్లచ్ పెడల్ కింద నిమ్మకాయ పెట్టాడు. మరిది నవ్వుతూ ఎడమ కాలితో దాన్ని చితక్కొట్టాడు. రసం చిందింది. అందరం చప్పట్లు కొట్టాం.

తరువాత మరిది కంప్యూటరు వేశాడు. అన్నీ వచ్చాయి. ఆట బొమ్మ మీద నొక్కితే మాత్రం లారీ బదులు ఇంగ్లీషులో రెండు వాక్యాలు వచ్చాయి.

"ఒదినా, ఇలగ రా. ఏటంటంది సూడు."

నా చదువు గురించి ఇక్కడ చెప్పాలి. బడి చదువు పదో తరగతితో ఆగింది. ఆ పై చదువంతా గాజువాక శాఖా గ్రంథాలయం చెప్పింది. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. విజ్ఞాన సర్వస్వం సంపుటాలు ఇంటికివ్వరు, అందుకని అక్కడే బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ చదివాను. మా వీధిలో కరెంటు బిల్లు మీద ఏదైనా కొత్త మాట వస్తే నా దగ్గరికే తెస్తారు. ఆ గర్వం నాకుంది. దాచుకోను.

తెర మీదిది చదివి చెప్పాను. "ఈ కంప్యూటరులో ఆడడానికి నీకు అనుమతి లేదంటోంది. ఇచ్చిన అనుమతులన్నీ వేరే కంప్యూటర్లకు వాడేశావట."

"ఏరే కంప్యూటర్లా? ఉన్నదే ఇదొక్కటి!"

అప్పుడు గుర్తుకొచ్చింది. ఎండాకాలంలో డిస్కు పోతే మా ఆయన మార్చాడు. అంతకు ముందు కూడా ఏదో మార్చాడు. మార్చినప్పుడల్లా ఆట ఒక ప్రశ్న అడిగేది, మరిది సరే అని నొక్కేవాడు. ఆటకు మాత్రం ప్రతిసారీ ఒక కొత్త మనిషి ఒక కొత్త ఇంట్లో కూర్చుని సరే అన్నట్టు లెక్క. ఇప్పుడు బోర్డే మారడంతో, వీడెవడో ఇంకొకడు అనుకుని తలుపు వేసేసింది.

మరిది సీటులోంచి లేవలేదు. "నానేటి దొంగనా ఒదినా? కొన్నాను గదా. పెన్ డ్రైవ్‌లో ఎత్తుకెల్లినోడిని ఒక్క మాటా అడగదు. కొన్నోడికే తనికీ. సెక్‌పోస్టు కాడా ఇంతే, కాయితాలన్నీ ఉన్నోడినే ఆపుతారు."

మా ఆయన నుదుటి మీద కుంకుమతో అలాగే నిలబడ్డాడు. "నాను బాగుసేసినాను గానీ పాడుసేయనేదురా."

"నిన్నెవరన్నారు అన్నయ్యా."

"లారీకి ఇంజను మారుత్తాం. కేబిన్ మారుత్తాం. టైర్లు సెప్పక్కర్నేదు. అయినా అదే లారీ. ఛాసిస్ నెంబరు ఉంటాది గదా. దీనికి ఛాసిస్ ఏటి?"

"బోర్డే అనుకుంటా," అన్నాను నేను.

మరిది నుదురు కొట్టుకున్నాడు. "అయితే ఇంకేటి, పండగపూట ఛాసిస్సే మార్చీసినాడు!"

కోపంలో కూడా ముగ్గురం నవ్వాం. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఒక వస్తువులో ఎంత భాగం మారితే అది వేరే వస్తువు అవుతుంది? మా షాపుకు ముప్ఫై ఏళ్ల నాటి పంపు మోటారు ఒకటి ఏటా వస్తుంది. తీగ మార్చాం, బేరింగులు మార్చాం, ఒకసారి షాఫ్టు కూడా మార్చాం. దాని రైతు మాత్రం "మా నాన్న కొన్న మోటారు" అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. మరి ఆ ఆట చెప్పింది మాత్రం అబద్ధమా? దానికి మా మరిది ముఖం తెలియదు. అతని కాలు తెలియదు. దానికి తెలిసింది ఇనుప ముక్కల అమరిక ఒక్కటే.

ఆట కొన్నప్పుడు ఎవరూ చదవకుండా "ఒప్పుకుంటున్నాను" అని నొక్కే షరతుల పేజీ ఒకటి ఉంటుంది. షాపు మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాను, నిఘంటువుతో. మంచి చదువే. మేము కొన్నది ఆట కాదట. ఆట వాళ్లదే. మేము కొన్నది ఆడుకునే అనుమతి, అదీ వాళ్లు చెప్పిన విధంగా. మా ఆయనకు చెబితే, "అంటే మనం మోటారు అమ్మి, తిప్పాలంటే మన షాపుకొచ్చి అడిగి తిప్పుకోమనాలన్నమాట," అన్నాడు.

కంపెనీకి ఈమెయిలు రాశాను. ఇంగ్లీషులో, నా చేత్తో. మా ఊళ్లో యంత్రాలకు ఒక పండగ ఉందనీ, ఆ రోజు వాటిని విప్పి శుభ్రం చేసి పాడైన భాగాలు మారుస్తామనీ, మీ ఆట ఆ పండగను నేరంగా అనుకుందనీ రాశాను. ఒక మనిషి కాలు గురించి కూడా రాశాను. రాసేటప్పుడు అవతల ఎవరో కుర్చీలో కూర్చుని చదువుతారని ఊహించుకున్నాను.

ఓపికకు ధన్యవాదాలు చెబుతూ జవాబు వచ్చింది. పండగ సంగతి లేదు, కాలు సంగతి లేదు. కొత్త కంప్యూటరుకు అనుమతి కావాలంటే ముందుగా పాత కంప్యూటరులో ఆట తెరిచి, "ఈ కంప్యూటరును విడుదల చేయి" అనే మీట నొక్కండి అని ఉంది.

"పాతది మల్లీ పెట్టి సూత్తే ఎలగనేదు, సచ్చిపోనాది గదా!" అన్నాడు మరిది.

"చచ్చినదే వచ్చి సాక్ష్యం చెప్పాలట," అన్నాను.

ఆ వారంలో ఒక సాయంత్రం లైబ్రరీకి వెళ్లి తాళాల గురించి ఉన్నదంతా తీయించాను. లైబ్రేరియన్ గారు, "ఏమ్మా, షాపులో దొంగలు పడ్డారా?" అని అడిగారు. లేదండీ, దొంగలు కానివాళ్ల మీద తాళం పడింది అన్నాను. ఒక సంపుటంలో, పూర్వం యూరప్ గ్రంథాలయాల్లో పుస్తకాలను గొలుసులతో అల్మారా అరలకు కట్టేవారని చదివాను. బొమ్మ కూడా ఉంది. లావుపాటి పుస్తకాలు, కట్టేసిన గేదెల్లా వరసగా. చాలాసేపు దాన్నే చూశాను. ఆ గొలుసు పుస్తకాన్ని బయటకు పోనివ్వదు గానీ, నిలబడి చదువుకునేవాణ్ణి ఆపదు. మా మరిది తాళం తిరగబడ్డ తాళం. వస్తువును ఇంటికి తీసుకుపోనిచ్చి, తెరవనివ్వదు.

మా లైబ్రరీ వాళ్లకూ ఒక పద్ధతి ఉంది. మొదటి పేజీ మీదే కాకుండా లోపల ఎక్కడో ఒక పేజీ మీద కూడా ముద్ర వేస్తారు. మొదటి పేజీ చింపేసి ఎవరైనా అమ్ముకోబోతే, ఆ లోపలి ముద్ర పట్టిస్తుంది. ఏ పేజీ అన్నది వాళ్లకు తెలుసు. చాలా పుస్తకాలు చదివాను కనక నాకూ తెలుసు. ఆ ముద్ర ఏ రోజూ నన్ను చదవకుండా ఆపలేదు. మధ్యలో, "ఆగు, నీ కళ్లజోడు మార్చావు, నువ్వు నువ్వేనా?" అని అడగలేదు. దొంగను పట్టే ఉపాయమూ, చదువరిని ఆపే ఉపాయమూ ఒకటే కానక్కర్లేదని నాకు ఆ బల్ల దగ్గర తోచింది. ఆట చేసినవాళ్లకూ ఇల్లు గడవాలి, ఊరంతా పెన్ డ్రైవుల్లో తిప్పుకుంటే వాళ్లేం తింటారు అన్నది కూడా అక్కడే తోచింది. రెండూ నిజమే. ఇంటికి వచ్చేదాకా రెండింటినీ మోసుకుని వచ్చాను.

నేను వచ్చేసరికి మా ఆయన పాత బోర్డును తుక్కు బుట్టలోంచి తీసి ఉబ్బిన కెపాసిటర్లు పీకుతున్నాడు. గాజువాక స్నేహితుడు తన దగ్గరున్న చచ్చిన బోర్డుల నుంచి కొన్ని మంచివి తెచ్చి ఇచ్చాడు. వాటిని అతికించి, కంప్యూటరులో ఉన్న డిస్కు తీసి వాటితో కలిపి, అన్నీ బల్ల మీద పరిచి కరెంటు ఇచ్చారు. ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది. తారీఖు మాత్రం ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంది.

"ఇంకా నయం, నాకు పెల్లి కాకముందుకి ఎల్లిపోనాది," అన్నాడు మా ఆయన నన్ను ఓరగా చూస్తూ.

"అక్కడే ఉండిపొండి, ఎవరొద్దన్నారు," అన్నాను.

తారీఖు సరిచేశాక మరిది ఆట మీద నొక్కాడు. ఒక్క ప్రశ్న లేకుండా తెరుచుకుంది. అదే లారీ, ఆపినచోటే, వాన పడుతున్న రోడ్డు పక్కన. మరిది చెయ్యి తెలియకుండానే స్టీరింగు మీదకు పోయింది.

"ఒరే, ముందు ఆ ఇడుదల నొక్కు! ఇది ఎంతసేపు బతుకుతాదో తెల్దు," అని మా ఆయన అరిచాడు. బల్ల మీంచి అప్పటికే కాలిన వాసన వస్తోంది.

నొక్కాడు. విడుదల నమోదైందని తెర చెప్పింది. దాని కిందే చిన్న అక్షరాల్లో ఇంకో మాట. కొత్త కంప్యూటరుకు అనుమతి వారం గడిచాక ఇస్తారట. ఎందుకు వారం అన్నది లేదు. కాసేపటికి పాత బోర్డు తనంతట తనే ఆరిపోయింది. ఈసారి మళ్లీ వెలగలేదు.

యార్డుకు వెళ్లాల్సిన రోజు ఆ వారం లోపలే ఉంది.

గాజువాక స్నేహితుడు జేబులోంచి పెన్ డ్రైవ్ తీసి సీటు అంచు మీద పెట్టాడు. "బావా, ఇంక సాలు. నీ ఒట్టు నీ దగ్గరే ఉంచుకో. ఇది ఎక్కించు, యార్డు అయిపోయాక తీసీ. నువ్వు కొన్నావని నాకు తెలుసు, దేవుడికి తెలుసు. ఆ కంపెనీవోడికే తెల్దు."

మరిది నా వైపు తిరిగాడు. "ఒదినా, నువ్వు సదువుకున్నదానివి. సెప్పు. ఇది డూప్లికేటా, కాదా?"

ఆ ప్రశ్న కోసం రెండు రోజులుగా ఎదురు చూస్తున్నట్టున్నాను. గబగబా చెప్పాను. డూప్లికేటు బ్రేకు పైపులో తప్పు ఎక్కడుంది? లోపల రబ్బరు నాసిరకం. పైన డబ్బా మాత్రం మంచిది. ఈ పెన్ డ్రైవులో ఉన్నది అలాంటిది కాదు. ఆట అక్షరం పొల్లుపోకుండా అదే. లేనిది తాళం ఒక్కటే. లైబ్రరీలో నేను చదివే పుస్తకాలన్నీ కాపీలే, ఏ కాపీలోనూ కథ తక్కువ కాదు. పైగా నువ్వు కొన్నావు. నా మటుకు నాకు దీంట్లో తప్పు కనపడదు.

స్నేహితుడు, "అద్దీ!" అని తొడ చరిచాడు.

మరిది ఆ పెన్ డ్రైవును అటూ ఇటూ తిప్పి చూశాడు. "నువ్వు సెప్పింది నిజమే అయ్యుంటాది ఒదినా. కాదన్ను. కానీ దీంట్లో నేర్చుకుని బండెక్కితే, బ్రేకు తొక్కినప్పుడల్లా నాకు ఇదే గుర్తొత్తాది. నా కాలు ఒప్పుకోదు."

"కాలికేం తెలుసు?"

"దానికే తెలుసు," అని తిరిగి ఇచ్చేశాడు.

అతను తప్పని ఇప్పటికీ అనుకుంటాను. ఆ మాట అతనికి చెప్పాను కూడా.

మర్నాడు పొద్దున్న మా ఆయన సీటునూ స్టీరింగునూ పెడల్సునూ ఎత్తుకొచ్చి షాపు వెనక ఖాళీ జాగాలో పెట్టాడు. స్టీరింగుకు ఏ తీగా లేదు. ఎదురుగా తెర లేదు. స్కూటరు అద్దాలు రెండు కర్రలకు కట్టి అటూ ఇటూ పాతాడు. బరువు మోటార్లు లాగే నాలుగు చక్రాల బండిని సీటు వెనక నిలబెట్టి, దాని కడ్డీ పట్టుకున్నాడు.

"నాను ట్రైలర్ని. నువ్వు ఎటు తిప్పితే అటు పోతాను. రివర్సులో కుడికి తిప్పితే ఎడంకి పోతాను, నాకు తెలుసు. ఏయ్, నువ్వు క్లీనరువి. ఎనక నిలబడి సెప్పు."

క్లీనరు మాటలు నేను రోడ్డు మీద విన్నవే. మొదట సిగ్గేసింది. పక్క లేతు షాపులో వాళ్లు పని ఆపి బయటకొచ్చారు. "ఏటండీ, నాటకమేటి? టిక్కెట్టా, ఊరికేనా?" అని ఒకతను అడిగాడు. మరిది గేరు వేసినట్టు చెయ్యి కదిలించి, గట్టి స్ప్రింగు మీద క్లచ్ వదిలాడు. మా ఆయన బండి వెనక్కి నెట్టడం మొదలుపెట్టాడు.

"రానీ... రానీ... లెఫ్ట్ కొట్టు... ఇంకొంచెం... రానీ... రైట్ చెయ్యి... రానీ... హోల్డాన్!"

మరిది బ్రేకు తొక్కాడు. తొక్కి, తియ్యలేదు. మా ఆయన ఎప్పుడో ఆగిపోయాడు, నేనూ ఆగిపోయాను, లేతు షాపు వాళ్లు నవ్వుతున్నారు. అతను మాత్రం రెండు కాళ్లతో పెడల్స్‌ను అలాగే నేలకు నొక్కిపట్టి కూర్చున్నాడు.

దగ్గరికి వెళ్లాను. "ఏమైంది? కాలు నొప్పా?"

"కాలు కాదు." "ఆ రోజు కాటా కాడ క్లీనరూ అలాగే అరిసినాడు గదా. అదే మాట."

అప్పుడు నాకు తెలిసింది. ఇన్ని నెలలుగా ఆటలో అతను వర్షంలో తోలాడు, కొండ దారిలో తోలాడు, ఎన్నో గోడౌన్లకు రివర్సులో ఆనించాడు. ఆ ఆటలో వెనక నిలబడి అరిచే మనిషి లేడు. జర్మనీలో క్లీనర్లు ఉండరేమో. కాలు గట్టిపడింది. చెవి సంగతి మేమెవ్వరం ఆలోచించలేదు.

"ఆపేద్దామా?" అన్నాను.

"వద్దు. మల్లీ అను."

అన్నాను. ఆ పూటంతా అన్నాను. మధ్యాహ్నం అన్నాను. గొంతు పోయింది. లేతు షాపులో ఒకతను జాలిపడి, "అక్కా, నువ్వు కూసో, నాను అరుత్తాను" అని వచ్చాడు. కొత్త గొంతు వినగానే మరిది మళ్లీ బిగుసుకున్నాడు. సాయంత్రానికి వదులయ్యాడు. మర్నాడు వేరేవాళ్లు అరిచారు. యార్డు రోజు వచ్చేదాకా మా వెనక జాగాలో ఎవరో ఒకరు హోల్డాన్ అంటూనే ఉన్నారు.

ఆట సంగతి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే చదివేవారికి అది మిగిలిపోతుంది. వారం గడిచాక అది కొత్త బోర్డు మీద బుద్ధిగా తెరుచుకుంది. మా సమస్య తీరిందా, వాళ్ల సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తామని అడుగుతూ కంపెనీ ఈమెయిలు కూడా పంపింది. నక్షత్రాలు ఇవ్వలేదు. ఒక ప్రశ్న రాసి పంపాను, మీరు ఒక కంప్యూటరును అదే అని ఎలా గుర్తుపడతారు, ఎన్ని ముక్కలు మారేదాకా ఒప్పుకుంటారు అని. తగవు కోసం కాదు, నిజంగా తెలుసుకోవాలని. జవాబు ఇంకా రాలేదు.

యార్డుకు ముగ్గురం వెళ్లాం. ఓనరు గేటు పక్కన కుర్చీలో టీ తాగుతున్నాడు. రెండు ట్రైలర్ల మధ్య ఇరుకు జాగా చూపించాడు. క్లీనరు మాకు తెలియని మనిషి, నలభై దాటినవాడు, భుజం మీద తువ్వాలు. మా ఆయనా నేనూ గోడ వారగా నిలబడ్డాం.

మరిది కేబిన్ ఎక్కాడు. ఎడమ కాలు పైకి లాక్కోడానికి చేత్తో సాయం పట్టాడు. అది ఓనరు చూశాడు. ఇంజను మొదలైంది. బండి మెల్లగా వెనక్కి కదిలింది.

"రానీ... రానీ... రైట్... రైట్... హోల్డాన్!"

బండి ఆగింది. ఆగి, అలాగే ఉండిపోయింది. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. నలుగురిలో నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. క్లీనరు తువ్వాలు ఊపి, "రావయ్యా!" అన్నాడు. కదల్లేదు. ఓనరు గ్లాసు కింద పెట్టాడు.

అప్పుడు బ్రేకు వదిలిన గాలి చప్పుడు వినిపించింది. బండి కొంచెం ముందుకు పోయి, సరిచేసుకుని, మళ్లీ వెనక్కి వచ్చింది. రెండోసారి హోల్డాన్ అన్నప్పుడు ఆగింది, వెంటనే కదిలింది. మూడోసారీ అంతే. రెండు బళ్ల మధ్యకు వచ్చి నిలబడింది. ఒకవైపు ఎక్కువ జాగా మిగిలింది. అద్దినట్టు కుదిరిందని చెప్పలేను.

మరిది దిగి వచ్చాక ఓనరు అడిగాడు. "మజ్జిలో అలగ ఆగిపోనావేటి? పోర్టులో ఎనక బళ్లుంటాయి. అక్కడా ఇలాగే ఆగుతావా?"

"అవసరమైతే ఆగుతానండి."

ఓనరు అతని కాలు వైపు చూశాడు, తరువాత బండి వైపు. "రోడ్డు మీదకి ఇవ్వను. సోమవారం నుంచి పోర్టు లోపల తిప్పు. యార్డు నుంచి ఓడలు ఆగే బెర్తుకి, బెర్తు నుంచి యార్డుకి. రోడ్డు సంగతి ఎండాకాలంలో సూద్దాం."

"అలాగేనండి," అన్నాడు మరిది. సంతోషమో కాదో ముఖం మీద తెలియలేదు. గేటు కుర్చీ మాత్రం తప్పింది.

మేము బయటకు వస్తుంటే అతను వెనక్కి తిరిగి క్లీనరు దగ్గరికి నడిచాడు. సోమవారం నుంచి ఆ మనిషితోనే పని.

"బావా, హోల్డాన్ అన్నప్పుడు ఇంకా గట్టిగా అను."

"ఏటి, సెవుడా నీకు?"

"కాదు. బాగా ఇనిపిత్తాది. అయినా గట్టిగానే అను."

క్లీనరు అతని కాలునూ ముఖాన్నీ చూసి, తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు. "సర్లే. పోర్టంతా ఇనబడేలాగ అరుత్తాను," అన్నాడు.